అమ్మ పండ్లపుల్ల

కింది వరసలో ముందున్న మూడు పళ్ళు తీసేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ వాణ్ణి, బతుకంతా బడిపిల్లలకు రెండు పూటలా పళ్ళు తోముకోవాలని పాఠం చెప్పినవాణ్ణి, నా పళ్ళు నాకే ఎదురు తిరగడమేమిటని. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన, టైర్ల దుకాణం పైన ఉంటుంది ఆ దవాఖాన. డాక్టరమ్మ ఇక్కడి పిల్లే. వాళ్ళ నాన్న బస్టాండు దగ్గర బట్టలు కుట్టేవాడు, నా పెళ్ళి పైజామా ఆయన చేతిదే. ఆ పిల్ల నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, సన్నటి పుల్లతో ఒక్కొక్క పన్ను పక్కనా పొడిచి చూస్తూ అంకెలు చెబుతుంటే, పక్కనున్న అమ్మాయి రాసుకుంది. మూడు, నాలుగు, ఆరు, ఏడు. మార్కులైతే పెరుగుతున్నందుకు సంతోషించేవాణ్ణి. చిగురు పంటిని వదిలేసి ఎంత లోతుకు దిగిపోయిందో చెప్పే కొలతలట అవి.

నేను రోజూ రెండు పూటలా తోముకుంటానని, ఒక్కనాడు కూడా తప్పలేదని చెప్పాను. పళ్ళ సందులు ఎట్లా శుభ్రం చేస్తారని అడిగింది. సందులా అన్నాను. ఆ పిల్ల కోప్పడలేదు. "బ్రష్షు ముందల, ఎనక తుడుస్తది అంకుల్. సందులల్లకు పోదు. ఆడ పేరుకున్నదే ఇగుర్లను తింటది," అంది. చిగుళ్ళను మా దిక్కు ఇగుర్లంటారు. అప్పుడిక దాచి లాభం లేదని, రెండేళ్ళుగా ముందు పళ్ళ దగ్గర నెత్తురు వస్తోందని, అందుకే అక్కడ బ్రష్షు తాకించడం మానేశానని ఒప్పుకున్నాను. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇదే చెబుతారట. నెత్తురొస్తోందని వదిలేస్తే ఆ పాచి అక్కడే గట్టిపడి ఇంకా నెత్తురొస్తుందని, మెల్లగా రోజూ శుభ్రం చేస్తేనే వాపు దిగి నెత్తురు ఆగుతుందని చెప్పింది. ఆ మూడూ పోయినా మిగతావాటిని కాపాడుకోవచ్చునంది. తర్వాత సొరుగులోంచి అగ్గిపుల్లంత సన్నటి బ్రష్షు ఒకటి తీసి, అద్దం నా చేతికిచ్చి, ఒక్కొక్క సందులో నా చేతనే పెట్టించింది. బయటికి తీసి చూస్తే ఎర్రగా ఉంది. వాసన చూడమంది. చూశాను.

ఆ వాసన నాకు తెలుసు. అమ్మ చివరి రోజుల్లో, ముఖానికి అడ్డం పెట్టుకున్న కొంగు వెనకనుంచి వచ్చిన వాసన అది. ముప్పై ఏళ్ళ తర్వాత నా నోట్లోంచి వచ్చింది. కుర్చీలోంచి లేచి మెట్లు దిగి, టైర్ల దుకాణం ముందున్న బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మాది పాల్మాకుల. మా ఇంట్లో పొద్దు పొడిచేది కోడికూతతో కాదు, అమ్మ నాలుక గీసుకునే చప్పుడుతో. ఇప్పటివాళ్ళకు అసహ్యంగా ఉండవచ్చు గానీ, ఆ చప్పుడు వినబడితే ఇల్లు లేచినట్టు, పొయ్యి రాజుకోబోతున్నట్టు. అమ్మ చీకటితోనే లేచి మా చేని గట్టు మీది యాపచెట్టు నుంచి ముందురోజు తెచ్చిన పుల్లలు తీసేది. పుల్ల లేతదైతే చీలికలై నోట్లో విరుగుతుంది, ముదిరితే చిగుళ్ళను గీరుతుంది, చిటికెన వేలంత మందముండి పచ్చిగా ఉండాలి. ఒక కొసను నమిలి నమిలి కుచ్చు చేసి, పైపళ్ళను పైనుంచి కిందికి, కిందిపళ్ళను కిందినుంచి పైకి తోమేది. అడ్డంగా తోమితే ఊరుకునేది కాదు. నాకూ అక్కకూ చెరొక పుల్ల ఇచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టి, మేం కునికిపాట్లు పడుతుంటే మోకాలి మీద తట్టి లేపేది. తోమడం అయ్యాక పుల్లను నిలువుగా రెండుగా చీల్చి, ఒక బద్దతో నాలుక గీసుకోవాలి. ఆ తర్వాత ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. బాపుకు ఇంత ఓపిక ఉండేది కాదు. బొగ్గు నూరి వేలితో రెండుసార్లు రుద్దుకుని ఉమ్మేసేవాడు. ఆయన పళ్ళు నలభై దాటకముందే ఒక్కొక్కటీ రాలిపోయాయి, అమ్మ పళ్ళు మాత్రం మక్కగింజల వరసలాగా ఉండేవి. పళ్ళున్నవాడికి శనగలు లేవు, శనగలున్నవాడికి పళ్ళు లేవని బాపు అంటే, నీకు రెండూ లేకుండా చేసుకున్నవు గదా అని అమ్మ నవ్వేది. నవ్వితే అమ్మ పళ్ళన్నీ కనిపించేవి.

ఇదంతా పొద్దుటి సంగతి. అసలు సంగతి తిన్న తర్వాతది. అమ్మ నడుముకు చెక్కుకున్న తాళంచెవుల గుత్తిలో ఒక చిన్న వెండి రింగు ఉండేది. దానికి రెండు వెండి పుల్లలు వేలాడేవి. ఒకటి చివర చిన్న గరిటెలాగా ఉండే గుబిలిపుల్ల, చెవులకు. రెండోది పళ్ళ సందులకు, పండ్లపుల్ల. వేలెడు పొడవు, చివర పలచగా సాగి, మొన మాత్రం మొద్దుగా అరిగి ఉండేది. పెళ్ళినాడు వాళ్ళ అమ్మ తన నడుముకున్నది తీసి ఇచ్చిందట. తిన్నది జొన్నరొట్టె అయినా, ఉడకబెట్టిన అనుములు అయినా, చెయ్యి కడుక్కోగానే అమ్మ గడప మీద కూర్చుని రింగు విప్పేది. ఒక్కొక్క సందులో పుల్లను పెట్టి, చిగురును నొక్కకుండా పంటినానుకుని పైకి తీసేది. పక్కన ఎవరున్నా మాట ఆపేది కాదు, పని ఆపేది కాదు. ఎందుకమ్మా ఇంతసేపని అక్క ఒకసారి విసుక్కుంటే అమ్మ అన్న మాట నాకు నిన్నమొన్న విన్నట్టుంది. "వాకిలి ఊడ్సినంత మాత్రాన ఇల్లు ఊడ్సినట్టా బిడ్డా? మూలలు సూడాలె. పురుగూ బూజూ ఆడ్నే ఉంటది." బడి ముఖం చూడని మనిషి. టైర్ల దుకాణం పైన డాక్టరమ్మ నాకు చెప్పింది కూడా ఇదే.

నేను శంషాబాద్ హైస్కూలుకు వెళ్ళేవాణ్ణి. మా ఊళ్ళోంచి హైస్కూలు దాకా చేరిన మొదటి నలుగురిలో ఒకణ్ణి. అక్కడ నాకు రమణమూర్తి స్నేహితుడయ్యాడు. వాళ్ళ నాన్న సమితి ఆఫీసులో ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చాడు. వాడి చొక్కాకు ఇస్త్రీ ఉండేది, వాడి మాటకు కూడా ఇస్త్రీ ఉండేది. వాడు నాతో స్నేహం చేయడమే నాకు పెద్ద బిరుదు. ఒక ఆదివారం మా ఊరు చూస్తానంటే తీసుకొచ్చాను. అమ్మ కోడిని కోసి, జొన్నరొట్టెలు చేసి, వాడు చాలంటున్నా వడ్డించింది. వాడు బాగానే తిన్నాడు. చేతులు కడుక్కున్నాక అమ్మ ఎప్పటిలాగే గడప మీద కూర్చుని రింగు విప్పి, వాళ్ళ అమ్మ ఏం కూరలు వండుతుందో అడుగుతూ పని మొదలుపెట్టింది. నాకు అప్పుడే చెమటలు పట్టాయి. ఇంకా అయిపోలేదు. తన పని పూర్తయ్యాక అమ్మ ఆ పుల్లను చెంబు నీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, వాడి ముందు పెట్టింది. "ఇగో కొడుకా, నువ్వు గూడ తీస్కో. కోడి పీసు ఇరికి ఉంటది," అంది.

అమ్మ తన ఇంటికొచ్చినవాడికి తన దగ్గరున్న అపురూపమైన వెండి వస్తువు ఇచ్చింది. ఈ మాట అర్థం కావడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది. ఆ రోజు మాత్రం రమణమూర్తి ముఖం ఎర్రబడి, "వద్దండీ," అని లేచి నిలబడ్డం చూసి, భూమి చీలితే బాగుండుననుకున్నాను. మర్నాడు బడిలో వాడు కలం మూతతో పళ్ళు కుట్టుకుంటూ, దాన్ని చొక్కాకు తుడిచి పక్కవాడికి అందిస్తూ, అమ్మ గొంతుతో మాట్లాడి చూపించాడు. తరగతంతా నవ్వింది. ఆ సంవత్సరం పొడుగునా నా పేరు పుల్ల.

ఇంటికొచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పుస్తకాల సంచి దించకుండానే చెప్పాను. "ఇగ నువ్వు మందిల గట్ల పండ్లు కుట్టుకోకమ్మా. గలీజుగుంటది. నాకు నామోషైతుంది." అమ్మ చేయి చేటలో ఆగింది. ఎవరన్నా ఏమన్నారా అని అడుగుతుందనుకున్నాను, అడగలేదు. ఒక రాయి ఏరి పడేసి, "సరే తియ్యి కొడుకా," అంది. అంతే. మర్నాడు అమ్మ నడుముకు తాళంచెవులున్నాయి, రింగు లేదు. నేను అది గమనించాను. గమనించి సంతోషపడ్డాను. ఆ సంతోషం గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

మందిలో వద్దని మాత్రమే కదా నేనన్నది అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక్క అర్ర ఉన్న ఇంట్లో, పొద్దంతా చేనులో పదిమందితో కలిసి పనిచేసే మనిషికి మంది లేని చోటెక్కడిది? అమ్మకు దాచి చేసే పని అంటూ ఒకటి ఉంటుందనే తెలియదు. పదిమందిలో చేయగూడనిదైతే అది చేయగూడనిదే అనుకుంది. చదువుకునే కొడుకు చెప్పాడు, ఇంక దానికి తిరుగులేదు.

తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బడిలో చెప్పే పాఠాలన్నీ ఇంట్లో కూడా చెప్పేవాణ్ణి. బాపు పోయాడు. మా చేను, గట్టు మీది యాపచెట్టుతో సహా, ఎయిర్‌పోర్టు వైపు వేసిన రోడ్డు కిందికి పోకముందే మేం శంషాబాద్‌లో కిరాయి ఇంటికి మారాం. అక్కడ పుల్ల విరుచుకోవడానికి చెట్టు లేదు. అమ్మకు నేనే బ్రష్షు, పేస్టు తెచ్చిచ్చి ఎట్లా తోముకోవాలో చూపించాను. కొనలు గట్టిగా ఉండే రకం. అమ్మ దాంతో గిన్నె తోమినట్టు అడ్డంగా, బలంగా తోమేది. నేను చూసి మెచ్చుకున్నాను. ఒకసారి మాత్రం పొద్దున్నే నేను బడికి తయారవుతుంటే వచ్చి, "నెత్తురొస్తున్నది నర్సిమ్మా," అంది. నేను గడియారం చూసుకుంటూ, "అయితే ఆ దిక్కు ముట్టకు. కొన్నిరోజులు ఇడిసిపెట్టు, అదే పోతది," అన్నాను. అమ్మ విడిచిపెట్టింది. నేను చెప్పిన ఏ మాటా అమ్మ వినకుండా ఉండలేదు, అదే నా దురదృష్టం.

నొప్పి మొదలయ్యాక పక్క వాటాలో ఉండే ముసలామె కాల్చిన తంబాకు పొడి ఇచ్చిందని తర్వాత తెలిసింది. అది రుద్దితే చిగురు మొద్దుబారుతుంది, నొప్పి తెలియదు. నేను తిడతానని అమ్మ దాన్ని కాగితంలో చుట్టి కొంగుముడిలో దాచుకునేది. ఈలోగా షుగరు వచ్చింది. షుగరుకు గోళీలు తెచ్చిచ్చాను గానీ, షుగరున్నవాళ్ళ చిగుళ్ళు చూపించుకోవాలని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మ జొన్నరొట్టె తినడం మానేసి చారులో అన్నం పిసుక్కుని మింగేది. అడిగితే ఆకలైత లేదనేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. వయసుతో వచ్చిన పెద్దరికం అనుకున్నాను. నా భార్య అమ్మ నీళ్ళ గ్లాసును విడిగా, కిటికీలో పెట్టడం మొదలుపెట్టింది. అదీ చూశాను. ఎందుకని అడగలేదు, ఎందుకంటే నాకు తెలుసు. అమ్మ పక్కన కూర్చుంటే వాసన వచ్చేది. ఆ వాసనకు నేను కూడా కాస్త ఎడంగా జరిగి కూర్చునేవాణ్ణి. అమ్మకు అది అర్థమై, నేను జరగక ముందే తానే జరిగేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ దవడ వాచి ఉంది. లవంగం పెట్టుకున్నాను, పోతుందంది. రెండో రోజుకు వాపు గొంతు కిందికి దిగింది. మూడో రోజు ఉమ్మి మింగలేకపోతుంటే పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు నోరు తెరిపించబోతే రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. పంటి చీము గొంతులోకి పాకిందని, షుగరు విపరీతంగా ఉందని, బాగా ఆలస్యమైందని చెప్పాడు. ఎన్ని రోజుల నుంచి పన్ను నొప్పి అని నన్ను అడిగాడు. నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉన్న కొడుకును, ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. అక్క వైపు చూశాను, అక్క తల దించుకుంది. గొంతుకు గాటు పెట్టి చీము తీశారు, అయినా అమ్మ మూడు రోజులే ఉంది. మాట లేదు, కళ్ళు మాత్రం తిరుగుతుండేవి. నేను మంచం దగ్గరికి వెళ్ళి వంగిన ప్రతిసారీ, సెలైను సూది ఉన్న చేతినే కష్టపడి పైకి లేపి, దుప్పటి అంచు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకునేది. వద్దమ్మా అని నేను ఆ చేయి పట్టుకోవలసింది. పట్టుకోలేదు.

ఈమధ్య కాశీకి పోయినప్పుడు మొదటిసారి విమానమెక్కాను. మా చేను ఉన్న దిక్కునే పైకి లేచింది. భోజనంతో పాటు సన్నటి కాగితంలో చుట్టిన పంటిపుల్ల ఒకటి ఇచ్చారు. నా పక్కన కూర్చున్న కోటు మనిషి తిన్నాక అరచేయి అడ్డం పెట్టుకుని తీరిగ్గా పళ్ళు కుట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పటికి నాకు అది ఒక చిత్రంగా మాత్రమే అనిపించింది. ఎయిర్‌పోర్టు రోడ్డులో కొత్తగా వచ్చిన పెద్ద దుకాణంలో ఇప్పుడు సందులు శుభ్రం చేసుకునే దారాలకు, బ్రష్షులకు ఒక గోడ మొత్తం ఉంది. డాక్టరమ్మ చీటీ పట్టుకుని ఆ గోడ ముందు నిలబడినప్పుడు నాకు కళ్ళు కనబడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకు అమ్మ సంగతి చెప్పాను. ఆ పుల్ల మానకుండా ఉంటే అమ్మ బతికేదా అని అడిగాను. సూదులూ పిన్నీసులూ పెట్టుకుని చిగుళ్ళు చీల్చుకున్నవాళ్ళను కూడా చూశానంది. వెండి పుల్ల సంగతి చెప్పలేనంది. షుగరుంటే ఏదైనా జరగవచ్చునంది. "కానీ అంకుల్, రోజు సందులు సాఫ్ చేసుకునే మనిషి, చీము పడితే తనకే ముందు ఎరుకైతుండె," అంది. మర్నాడు వచ్చి పళ్ళు తీయించుకోమంది. నేను ఇంటికి వెళ్ళకుండా రావిర్యాలలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్కకు డెబ్బై నాలుగేళ్ళు. నా మూడు పళ్ళ సంగతి, డాక్టరమ్మ మాట, అన్నీ చెప్పాను. అక్క అంతా విని, లోపలికి వెళ్ళి సందుక తెరిచి, గుప్పెట్లో పట్టేంత గుడ్డ మూట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పైనుంచి తడిమితేనే తెలిసింది, రింగు, రెండు పుల్లలు. ఆ గుడ్డ కూడా తెలిసింది. అది నా స్కూలు చొక్కా జేబు. చినిగితే అమ్మ విప్పి తీసినది. అంటే ఆ రోజుల్లో కట్టిన మూట, కట్టినట్టే ఉంది.

ఇన్నేళ్ళు ఎందుకు ఇవ్వలేదని అడిగాను. అక్క నా పక్కన కూర్చుంది. "అమ్మ నాకిచ్చి దాసిపెట్టుమన్నది. నువ్వన్న వాడుకోరాదే అంటె, వద్దు బిడ్డా, తమ్మునికి నామోషైతదట అన్నది. పండ్లు సలుపుతున్నప్పుడు గూడ అడిగిన, తీసియ్యనా అని. వాడు సదువుకున్నోడు, ఊకెనే చెప్తడా అన్నది." తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "నీకు సూపియ్యొద్దని ఒట్టేయించుకున్నది తమ్మీ. నువ్వు పరేషానైతవని," అంది.

విప్పుదామని చూశాను. దారం రెండు చుట్లు తిప్పి, పంటితో బిగించి వేసిన ముడి. అమ్మ ఏ ముడినైనా పంటితో బిగించేది, పంటితోనే విప్పేది. గోటికి చిక్కలేదు. మనందరం చేసేదే నేనూ చేశాను, మూటను నోటి దగ్గరికి తీసుకుని ముందుపళ్ళతో పట్టి లాగాను. ముడి కదల్లేదు, పన్ను కదిలింది. నోరంతా ఉప్పగా అయింది. మూట మీద ఎర్రటి చుక్క పడింది. అక్క చూసి కత్తెర తెస్తానని లేచింది. వద్దన్నాను.

మర్నాడు మూడు పళ్ళూ తీసేశారు. ఇప్పుడు రోజూ తిన్నాక వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎవరు వస్తున్నా పోతున్నా, ఆ సన్నటి బ్రష్షుతో ఒక్కొక్క సందూ శుభ్రం చేసుకుంటాను. నెత్తురు రావడం చాలావరకు తగ్గింది. మూట అద్దం పక్కన గూట్లో ఉంది. దాన్ని కోయడానికి నాకు చేతులు రావు. అది అమ్మ వేసిన ముడి, పంటితోనే విప్పాలి. విప్పడానికి నాకు ముందుపళ్ళు లేవు.